క్యూఆర్ చించితే పన్ను పోదు

2025 జులైలో బెంగళూరు చిరువ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. ఆధారం వారి యూపీఐ వసూళ్లు. పాలు, కూరగాయల వంటి పన్ను లేని సరుకు అమ్మేవారికీ తాఖీదులు తప్పలేదు. కొన్ని కొట్లవాళ్లు కనిపెట్టిన విరుగుడు క్యూఆర్ కోడ్ పీకేసి, నగదే ఇమ్మనడం!

మన దగ్గరా ఆ ఆలోచనలో ఉన్నవారికి ఒక మాట. ఖాతాలో పడిన ప్రతి రూపాయీ అమ్మకం కాదు. బావమరిది తీర్చిన చేబదులూ, చీటీ పాట డబ్బూ అందులోకే వస్తాయి. ఏది ఏమిటో విడదీసి చూపేది ఏ రోజుకారోజు రాసిన పద్దు. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా ఉంటే సగం తలనొప్పి అక్కడే పోతుంది.

ఆదాయపు పన్నులో అంచనా లాభం పద్ధతి ఉంది. అర్హత గల చిన్న వ్యాపారి నగదు అమ్మకాలపై కనీసం 8 శాతం, డిజిటల్ వసూళ్లపై 6 శాతం లాభం చూపితే చాలు. అంటే యూపీఐ వాడినవారికే మేలు. అలాగని బిల్లులు పారేయకూడదు. జీఎస్టీలో నమోదైనవారు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు రికార్డులు దాచాలి. థర్మల్ కాగితంపై అక్షరాలు అన్నాళ్లు నిలవవు, ఫొటో తీసి ఉంచుకోవాలి.

తాఖీదు పంపేముందు వాణిజ్య పన్నుల శాఖలూ ఒక పని చేయాలి: కిరాణా కొట్టువాడికి అర్థమయ్యే తెలుగులో పద్దు నమూనా ఇవ్వాలి.