చల్లబడని ఏసీ గదిలో పెద్దవారు



వేసవిలో మా ఓ.పి.కి పెద్దవారిని తీసుకొచ్చే పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంట్లో ఏసీ ఉంది కదా సిస్టర్, నాన్నగారికి వడదెబ్బ ఎలా తగులుతుంది?" ఆ ఏసీ ఎన్నేళ్ళ నాటిదంటే పది, పన్నెండు సంవత్సరాలదంటారు. చల్లగా వస్తోందా అంటే "గాలి అయితే వస్తోంది" అంటారు. తలుపులు, కిటికీలు బిగించిన గదిలో చల్లబరచని ఏసీ ఆడుతుంటే, ఆ గది కన్నా వసారాయే నయమని మా అభిప్రాయం. వసారాలో గాలి అయినా మారుతుంది.

మన జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతం 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చింది గాని, జిల్లా మారితే ఎండ మారదు. 2015 మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రంలోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో వృద్ధులు, కూలి పనివారే ఎక్కువ. దేవుని ప్రవక్త యోనా అంతటివాడే సొరచెట్టు నీడ పోగానే ఎండదెబ్బకు సొమ్మసిల్లాడు, ఇక మనమెంత!

ఏసీ చల్లబడకపోతే మెకానిక్కు నోట ముందుగా వచ్చే మాట "గ్యాస్ అయిపోయింది". దీనిని మేము అంత తేలికగా ఒప్పుకోము. ఏసీలోని గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాలలో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతికి మూయకుండా ఏటా గ్యాస్ నింపించుకోవడం దండగ. సూది దగ్గర సెలైను బయటికి కారిపోతుంటే, చేయి చూడకుండా కొత్త బాటిలు తగిలించే నర్సును మేము వార్డులో ఉండనిస్తామా? గ్యాస్ పట్టించే ముందు లీకు చూపించమని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు, డబ్బు మీది.

అసలు మన దగ్గర చాలా ఏసీలకు జబ్బు దుమ్ము. హైవే లారీలు, సున్నపురాయి, సిమెంటు, సీజనులో పత్తి నూగు, అన్నీ ఫిల్టరుకే పడతాయి. స్విచ్ కట్టేసి, ఫిల్టరు తీసి, మామూలు నీళ్ళతో కడిగి, నీడన ఆరబెట్టి బిగించాలి. వేసవిలో పదిహేను రోజులకొకసారి ఈ పని చేయండి. ఫిల్టరు మూసుకుపోతే లోపలి కాయిల్ మీద మంచు కట్టి, గదిలోకి నీళ్ళు కారతాయి. అప్పుడు కూలింగ్ ఆపి ఫ్యాను మాత్రమే నడిపితే మంచు కరుగుతుంది. కత్తితో గీకకండి. మళ్ళీ మళ్ళీ మంచు కడుతుంటే అప్పుడు గ్యాసును అనుమానించవచ్చు.

బయటి యూనిట్ గదిలోని వేడిని బయటికి ఊదాలి. దానికి గోనెపట్టా కప్పడం, చుట్టూ పాత సామాను పేర్చడం చేస్తే ఎలా ఊదుతుంది? దాని కాయిల్ ఏటా ఎండలు ముదరకముందే మెకానిక్కుతో కడిగించండి. స్విచ్ కట్టినా లోపలి కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది, కాబట్టి మూత మీరు విప్పవద్దు. ఆ కెపాసిటర్ పాడైనా, సాయంత్రాలు వోల్టేజి పడిపోయినా కంప్రెసరు ఎత్తుకోదు. ఉత్త ఫ్యాను గాలే వస్తుంది.

ఏసీ ఇరవై నిమిషాలు నడిచాక, గోడకు తగిలించే థర్మామీటరుతో లోపలికి పీల్చే గాలిని, బయటికి వచ్చే గాలిని చూడండి. ఎనిమిది, పది డిగ్రీల తేడా ఉంటే మిషను బాగానే ఉంది, గదిదే లోపం. పై అంతస్తు స్లాబు, పడమటి గోడ అయితే ఏ ఏసీ అయినా ఆయాసపడుతుంది. కొత్తది అప్పు చేసి కొనేముందు స్లాబు మీద తెల్ల సున్నం వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇళ్ళ పైకప్పులు చల్లగా ఉంచడానికి ఒక విధానమే తెచ్చింది.

మెకానిక్కు రేపు వస్తానంటే పెద్దవారు రేపటిదాకా ఆ గదిలో ఉండనక్కరలేదు. కింది అంతస్తులో నీడ గదికి మార్చి, ఒంటికి తడిగుడ్డ వేసి ఫ్యాను పెట్టండి. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే పొడి ఒంటికి ఫ్యాను గాలి మేలు చేయదు. బి.పి.కి మూత్రం వెళ్ళే మాత్రలు, మానసిక వ్యాధుల మందులు వాడేవారికి ముప్పు ఎక్కువ. మందులు మీరే ఆపకండి, డాక్టరుగారిని అడగండి. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషిని గుర్తుపట్టకపోతే వెంటనే 108కి ఫోను చేయండి. వాహనం వచ్చేదాకా ఒంటిమీద నీళ్ళు పోస్తూనే ఉండండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో మాత్రం నీళ్ళు పోయకూడదు.