గన్నవరం నేరాల లెక్క ఎవరు రాస్తారు?

గన్నవరంలో నేరాలు పెరిగాయా, తగ్గాయా? విజయవాడ శివార్లు ఏలూరు దారి పొడవునా పెరుగుతున్న ఈ కాలంలో ఎవరైనా అడగదగ్గ ప్రశ్నే. దీనికి సరైన జవాబు రాయాలని కూర్చున్న పరిశోధకుడికి మాత్రం మొదటి పేజీలోనే చిక్కు మొదలవుతుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా గన్నవరం పోలీస్ స్టేషన్ విజయవాడ కమిషనరేట్ పరిధిలో ఉండేది. ఆ తర్వాత మచిలీపట్నంలో కూర్చునే కృష్ణా జిల్లా ఎస్పీ కిందికి వెళ్లింది. అంటే 2021కీ 2023కీ మధ్య నగరం లెక్కల్లో కొన్ని కేసులు తగ్గి, జిల్లా లెక్కల్లో అన్నే పెరిగి ఉంటాయి. ఒక్క దొంగ కూడా చోటు మారనక్కర్లేదు.

ఆ ముడి విప్పేలోగా రెండోది పడింది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. దొంగతనానికి 379 పోయి 303 వచ్చింది. మోసానికి అందరి నోటా నానిన 420 పోయి 318 వచ్చింది. మెడలో గొలుసు తెంచుకుపోవడం లాంటివి మునుపు దొంగతనం కిందో, దోపిడీ కిందో రాసుకునేవారు. ఇప్పుడు స్నాచింగ్‌కు 304 అనే సొంత సెక్షన్ ఉంది. ముందుముందు పట్టికల్లో కొత్త నేరమొకటి పుట్టుకొచ్చినట్టు కనిపిస్తుంది. బైక్ మీద వచ్చి గొలుసు లాగేవాడు మాత్రం పాతవాడే. రెండేళ్ల మూడు నెలల వ్యవధిలో లెక్కల వరుస రెండుచోట్ల తెగింది. ఆ తెగినచోట్లను అతికి, పోల్చదగ్గ రూపంలోకి తేవడమే ఏడాది పని. ఆ పని ముగిశాక ఒక వ్యాసం వస్తుంది.

ఆ ఒక్క వ్యాసానికి విశ్వవిద్యాలయం ఎంత విలువ కడుతుంది? యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సామాజిక శాస్త్రాల అధ్యాపకుడికి జర్నల్ వ్యాసం ఒక్కింటికి 10 పాయింట్లు. అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు నేరుగా దరఖాస్తు చేయాలంటే కనీసం ఏడు ప్రచురణలు, 75 స్కోరు ఉండాలి. ప్రొఫెసర్‌కైతే పది ప్రచురణలు, 120 స్కోరు. దేశీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి కూడా 10 పాయింట్లే. జర్నల్‌కు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉంటే స్కోరు పైకి పోతుంది. స్టేషన్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగిన కాలానికి ఈ పట్టికలో గడి లేదు.

ఈ తూకం ఎంత తప్పో చెప్పడానికి మన నేల మీద జరిగిన ఒక పరిశోధన చాలు. మీనా రాధాకృష్ణ ‘డిజానర్డ్ బై హిస్టరీ’ 2001లో వచ్చింది. నేరస్థ జాతులంటూ బ్రిటిష్ ప్రభుత్వం ముద్ర వేసిన ఎరుకల వాళ్ల చరిత్ర అది. ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న సంచార వర్తకుల బతుకును రైళ్లు, ప్రభుత్వ ఉప్పు విధానం ఎలా దెబ్బతీశాయో, బతుకుదెరువు పోయినవాళ్లే పోలీసు రికార్డుల్లో పుట్టు నేరస్థులు ఎలా అయ్యారో ఆమె పాత ప్రభుత్వ దస్త్రాల నుంచి తవ్వి తీశారు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం తర్వాత సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంట్లలో బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఒకటి. మద్రాసు గవర్నర్ కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరే ఆ ఊరికి పెట్టారు. కృష్ణ అవతలి ఒడ్డున, బెజవాడకు ఎదురుగా సీతానగరంలో మరొకటి ఉండేది. స్టూవర్టుపురం మనుషులు చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. సంస్కరణ పేరుతో జరిగింది కూలీల సరఫరా కూడానని ఆ పుస్తకం చదివాక అర్థమవుతుంది. చట్టం 1952లో దేశమంతటా రద్దయినా, స్టూవర్టుపురం పేరు వినగానే జనం మనసులో మెదిలే మాట ఇంకా మారలేదు. ఆ మాటను ప్రశ్నించడానికి మనకు ఆధారం ఇచ్చిన పుస్తకాన్ని, ఎక్కడో అచ్చయిన పది పేజీల వ్యాసాన్ని ఒకే తూకంలో వేయడం అన్యాయం.

అమెరికాలో ఈ లెక్కలు పాతవే. ఏ విభాగం అధ్యాపకులు పేరున్న జర్నల్స్‌లో ఎన్ని వ్యాసాలు వేశారో లెక్కగట్టి ర్యాంకులిస్తారు. నేరశాస్త్రవేత్తలు ఎల్లెన్ కోన్, డేవిడ్ ఫారింగ్టన్ 1990 నుంచి ఎవరి రచనలను ఎవరు ఉదహరిస్తున్నారో లెక్కించారు. ఇలాంటి లెక్కలన్నిటిలో పంపిణీ ఒకేలా ఉంటుంది. కొద్దిమంది చాలా రాస్తారు, చాలామంది ఒకటో రెండో రాస్తారు. ఆల్ఫ్రెడ్ లోట్కా 1926లోనే శాస్త్రవేత్తలందరి గురించీ చెప్పిన సంగతి ఇది. ఎక్కువ రాసేవాళ్లు మరీ తెలివైనవాళ్లనీ, తక్కువ రాసేవాళ్లు బద్ధకస్తులనీ దీని నుంచి తేల్చేస్తే పొరపాటు. అక్కడ నేర న్యాయ సమాచారాన్ని భద్రపరిచి పరిశోధకులకు ఇచ్చే జాతీయ భాండాగారం 1978 నుంచి మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఉంది. పోలీసుల దాకా వెళ్లని నేరాలను కూడా పట్టుకునే బాధితుల సర్వే 1970ల నుంచి నడుస్తోంది. యువ అధ్యాపకుడు కుర్చీలోంచి లేవకుండా లక్షల రికార్డులు దించుకోగలడు.

మన దగ్గర కూడా సమాచారం తెరిచినచోట పరిశోధన వచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త చేతి హింసపై ప్రశ్నలు అడుగుతారు. ఆ సర్వే సమాచారం పరిశోధకులకు అందుతుంది కాబట్టే గృహహింసపై అన్ని వ్యాసాలున్నాయి. బాధితులపై జాతీయ స్థాయిలో క్రమం తప్పని సర్వే లేదు కాబట్టి జేబుదొంగతనంపైనో సైబర్ మోసంపైనో అలా రాసే వీలు లేదు. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) ఇప్పుడు వెలువరించే వార్షిక నివేదిక 1953 నుంచి వస్తోంది, మంచిదే. కానీ 2023 సంవత్సరపు సంపుటి 2025 సెప్టెంబరులో గానీ బయటికి రాలేదు. పైగా ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే పెద్ద శిక్ష ఉన్నదాన్నే అది లెక్కలోకి తీసుకుంటుంది. మిగతా మూడూ పట్టికల్లోంచి జారిపోతాయి.

సమాచారం మూసేసి వ్యాసాలు మాత్రం అడిగితే ఏమవుతుందో తెలుగువాళ్లకు దగ్గర్లోనే రుజువుంది. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నల్స్ నడిపిన ఒమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. నిపుణుల సమీక్ష జరుగుతుందని నమ్మబలికిందనీ, ఫీజుల సంగతి ముందు చెప్పలేదనీ అభియోగం. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది. అలాంటి వ్యాపారానికి గిరాకీ పుట్టించినవాటిలో పదోన్నతి పట్టికలు కూడా ఉన్నాయి. నకిలీ జర్నల్స్‌ను అడ్డుకోవడానికి యూజీసీ 2019లో ‘కేర్’ జాబితా తెచ్చి, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసింది. మంచిచెడ్డలు ఇక విద్యాసంస్థలే తేల్చుకోవాలి.

రెండు తెలుగు రాష్ట్రాల్లో నేరశాస్త్రం ఎక్కువగా ఎల్‌ఎల్‌బీలో ఒక పేపరుగానే బతుకుతోంది. పొరుగున మద్రాసు, తిరునల్వేలి, ధార్వాడ విశ్వవిద్యాలయాలు విభాగాలే పెట్టుకున్నాయి. తిరునల్వేలి నుంచి కె. జైశంకర్ 2006, 2007లో రెండు అంతర్జాతీయ జర్నల్స్ మొదలుపెట్టారు. గన్నవరం పక్కనే కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణాది ప్రాంగణం 2025 జనవరి 19న ప్రారంభమైంది. తుపాన్లు, వరదల మీద అధ్యయనం ఆ ఊళ్లో జరగవచ్చు. పక్కనున్న గన్నవరం స్టేషన్లో నమోదయ్యే కేసుల మీద కూడా జరగాలి.

దానికి ముడిసరుకు లేక కాదు. సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు తీర్పు ప్రకారం సున్నితమైన కేసులు మినహా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఒక ఎఫ్‌ఐఆర్ తెరిచి చూడండి. నేరం జరిగిన తేదీ, సమయం. స్టేషన్‌కు సమాచారం అందిన తేదీ, సమయం. ఘటనా స్థలం స్టేషన్‌కు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉంది. పోయిన సొత్తు, దాని విలువ. మధ్యలో ఒక గడి ఉంటుంది: ఫిర్యాదు ఆలస్యమైతే అందుకు కారణం. కొట్టిన భర్త మీద ఫిర్యాదుకు భార్య ఎన్ని రోజులు ఆగింది, ఎవరు ఆపారు, స్టేషన్ నుంచి దూరం పెరిగేకొద్దీ ఆలస్యమూ పెరుగుతుందా, ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్న రైతు ఎన్ని గంటలకు స్టేషన్ మెట్లెక్కాడు? జవాబులు ఆ గడిలో, ఆ కింద తెలుగులో రాసిన ఫిర్యాదులో ఉన్నాయి. ఎన్‌సీఆర్‌బీ పట్టికల్లో ఆ గడి లేదు. కొన్ని వేల ఎఫ్‌ఐఆర్‌లు చదివి, పేర్లు తీసేసి, ఒక పద్ధతిలో కోడ్ చేస్తే తప్ప అది పరిశోధనకు పనికిరాదు. తెలుగు బాగా వచ్చి, స్టేషన్ రైటర్ పదజాలం అర్థమయ్యేవాళ్లే ఆ పని చేయగలరు.

కాబట్టి అడగవలసిన మార్పులు స్పష్టంగా ఉన్నాయి. పేర్లు తీసేసి నలుగురూ వాడుకునేలా విడుదల చేసిన సమాచార నిధికి వ్యాసంతో సమానమైన స్కోరు ఇవ్వాలి. తెలుగులో రాసి పోలీసులకూ, న్యాయవాదులకూ అందించిన నివేదికను ప్రచురణగా గుర్తించాలి. పరిశోధకుడు దరఖాస్తు పెట్టుకుంటే ఇన్ని రోజుల్లో జవాబివ్వాలని డీజీపీ కార్యాలయం ఒక పద్ధతి ప్రకటించాలి. నేడది ఆ సీటులో ఉన్న అధికారి ఇష్టాన్ని బట్టి నడుస్తోంది. ఒకే ప్రశ్నతో వెళ్లిన ఇద్దరిలో ఒకరికి ఫైలు దొరికి, మరొకరికి దొరక్కపోతే వాళ్ల ప్రచురణల సంఖ్యను పోల్చడంలో న్యాయం లేదు. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా పాయింట్ల లెక్కను పక్కన పెట్టి అధ్యాపకుడు చేసిన పనిని చూస్తానంది. చేసిన పని అంటే ఏమిటో నిర్వచించేటప్పుడు నేరశాస్త్రం వాళ్లు గట్టిగా మాట్లాడాల్సిన సమయమిదే.

ఆలస్యానికి మూల్యం ఉంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే కేసుల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లడాన్ని న్యాయ సంహితతో పాటే వచ్చిన కొత్త నేర ప్రక్రియా చట్టంలో తప్పనిసరి చేశారు. దాన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఉంది. దానివల్ల శిక్షలు పెరిగాయో లేదో తేల్చాలంటే ముందు నాటి స్థితి నమోదై ఉండాలి. గన్నవరం స్టేషన్ ఒక్కదాని 2019 నుంచి 2024 జూన్ దాకా ఎఫ్‌ఐఆర్‌లు, వాటి చార్జిషీట్లు, కోర్టు తీర్పులు ఒకచోట చేర్చి కోడ్ చేసే పనిని రేపే మొదలుపెట్టవచ్చు. ఒక పీహెచ్‌డీ విద్యార్థి, తోడుగా ఒక సహాయకుడు, ఎస్పీ కార్యాలయం నుంచి ఒక అనుమతి లేఖ ఉంటే చాలు.