యాసిడ్ కంటే కాస్టిక్‌తోనే కంటికి ఎక్కువ ముప్పు

బెంగళూరు: పీణ్యలోని ప్లేటింగ్ షెడ్లలో యాసిడ్ అంటే అందరికీ భయమే. పడగానే చురుక్కుమంటుంది, చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. కాస్టిక్ సోడా అలా కాదు. జిడ్డు వదిలించే తొట్టిలోని ఆ నీళ్లు చేతికి తగిలితే సబ్బులా జారుతుంది, అంతే. మంట తెలిసేసరికే చర్మం లోపల పని జరిగిపోయి ఉంటుంది.

కంటి దగ్గర తేడా ఇంకా ఎక్కువ. చాలా యాసిడ్లు పైపొరలోని మాంసకృత్తులను గడ్డకట్టిస్తాయి. ఆ గడ్డే కొంత అడ్డు పడుతుంది. కాస్టిక్ మాత్రం కరిగించుకుంటూ లోపలికి పోతుంది. నల్లగుడ్డు తెల్లబడి చూపే పోవచ్చు.

పలచగా కలిపిందే కదా అనుకోవడానికీ లేదు. యూరప్ వర్గీకరణలో 5 శాతం దాటిన కాస్టిక్ ద్రావణం అత్యంత తీవ్రంగా కాల్చే రకం. 2 నుంచి 5 శాతమైనా చర్మాన్ని కాల్చేదే. 50 లీటర్ల నీళ్లలో కిలో వేస్తేనే దాదాపు 2 శాతం!

డ్రమ్ము మీద చెయ్యి, లోహం కరుగుతున్న బొమ్మ ఉంటుంది. దాన్ని చదవడానికి కన్నడమూ ఇంగ్లిషూ అక్కర్లేదు. చిన్న డబ్బాల్లోకి వంపాక ఆ బొమ్మ ఎక్కడిది? ప్రమాదకర పనుల్లోని ముప్పును కార్మికులకు చెప్పాలని భోపాల్ తర్వాత 1987లోనే ఫ్యాక్టరీల చట్టంలో 41-బి చేర్చారు. గ్లౌజులిచ్చి సరిపెట్టే యజమాని కళ్లజోడు సంగతి ఎత్తడు.

కంట్లో పడితే నిమ్మరసం, వెనిగర్ జోలికి పోవద్దు. వెంటనే రెప్పలు విప్పి, కనీసం 15 నిమిషాలు కుళాయి నీళ్లు ధారగా పోయాలి. ట్రాఫిక్‌లో మింటో ఆస్పత్రికి ఆటో ఎక్కడం ఆ తర్వాతే.