పుష్కరాల పనుల్లో ఈతకొలనుకూ చోటివ్వండి



2027లో వచ్చే గోదావరి పుష్కరాల కోసం ఘాట్లు, రోడ్లు, దీపాల పనుల గురించి చర్చ సాగుతోంది. గోదావరి డెల్టాలోని ప్రతి మున్సిపాలిటీ ఆ పనుల్లో పిల్లలకు ఈత నేర్పే కొలను ఒకటి చేర్చాలని నా మనవి. ఇది సరదా కోసం అడుగుతున్నది కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో నీట మునిగి 38 వేల మందికి పైగా చనిపోయారు. అంటే రోజుకు వంద మందికి తక్కువ కాదు. వేసవి సెలవులు మొదలయ్యాయంటే చాలు, స్నానానికి దిగి గల్లంతైన పిల్లల వార్తలు జిల్లా పేజీల్లో వరుస కడతాయి. ఒకరు జారితే చెయ్యి అందించబోయి ఇద్దరు ముగ్గురు పోవడం ఆ వార్తల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అలాంటప్పుడు నీళ్లలోకి దూకకుండా, ఒడ్డునే నిలబడి కండువానో, తాడునో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసరాలని ఆ పిల్లలకు ఎవరు చెప్పారు? ప్రాణం పోయాక గజ ఈతగాళ్లను పిలిపించి గాలిస్తాం, పరిహారం ప్రకటిస్తాం, హెచ్చరిక బోర్డు పాతుతాం. ఈత మాత్రం నేర్పం.

పక్కనే కాలువ పెట్టుకుని కొలను ఎందుకు, వెనకటివాళ్లు కాలువలో నేర్చుకోలేదా అని అడిగేవారున్నారు. నేర్చుకున్న మాట నిజమే. వీపుకు ములగబెండో, ఎండు సొరకాయ బుర్రో కట్టి, రేవులో పెద్దవాళ్లు నడుము లోతున నిలబడి నేర్పేవారు. ఇప్పుడు పంట కాలువల్లో ఊరి మురుగు కలుస్తోంది, గుర్రపుడెక్క కమ్మేస్తోంది. చెరువులు చాలావరకు చేపలకూ రొయ్యలకూ లీజుకు పోయాయి. ఏటిలో ఇసుక తవ్విన చోట మోకాటి లోతు నీళ్లలోంచి ఒక్క అడుగు ముందుకు వేస్తే నిలువెత్తు గుంత ఉంటుంది, పైనుంచి చూస్తే నీరంతా ఒకేలా కనిపిస్తుంది. అలాంటి చోట ఇరవై మంది పిల్లలను దింపి నేర్పమని ఏ మాస్టారునీ అడగలేం. ఈత నేర్పాలంటే అడుగు కనిపించే నీరు, ముందే తెలిసిన లోతు, చుట్టూ కంచె, గట్టున చూపు తిప్పని మనిషి ఉండాలి. పట్టణంలో ఇవన్నీ ఒకచోట దొరికేది కొలనులోనే.

ఈత వస్తే ధైర్యం పెరిగి పిల్లలు లోతుకు పోతారన్న భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ దీనికి జవాబు బంగ్లాదేశ్‌లో దొరికింది. అక్కడ 4 నుంచి 12 ఏళ్ల పిల్లలకు ఈతతోపాటు నీటి జాగ్రత్తలు, ఒడ్డు నుంచి కాపాడే పద్ధతులు నేర్పారు. నేర్చిన పిల్లల్లో మునిగి చనిపోయినవారు, నేర్వని వారితో పోలిస్తే తొంభై శాతానికి పైగా తక్కువని 2012లో వెలువడిన అధ్యయనం తేల్చింది. వాళ్లు పాఠాలు చెప్పింది ఊరి చెరువుల్లోనే, నీటిలో వెదురు కట్టి లోతును అదుపు చేసి. శుభ్రమైన చెరువు మిగిలి ఉన్న పల్లెలు అలాగే చేయవచ్చు, అక్కడ కొలను కట్టనక్కర్లేదు. జపాన్‌లోనైతే 1955లో ఓడ ప్రమాదంలో విహారయాత్రకు బయల్దేరిన బడిపిల్లలు పెద్దసంఖ్యలో చనిపోయాక, బడుల్లో కొలనులు కట్టి ఈతను చదువులో భాగం చేసే పని ఊపందుకుంది.

నీరు వృథా అన్న అభ్యంతరం లెక్కకు నిలవదు. 25 మీటర్ల పొడవు, పన్నెండున్నర మీటర్ల వెడల్పు, సగటున నాలుగడుగుల లోతు ఉన్న కొలనుకు నాలుగు లక్షల లీటర్ల లోపే సరిపోతుంది. ఎకరా వరికి ఒక పంటలో పెట్టే నీటిలో ఇది పదో వంతు కూడా కాదు. ఆ నీరే ఫిల్టరులో తిరుగుతూ ఉంటుంది, తరిగినంత మేరకు కలిపితే చాలు.

నన్ను నిజంగా ఆలోచింపజేసేది నిర్వహణ. రిబ్బను కత్తిరించిన ఏడాది కళకళలాడి, మోటారు కాలిపోయాక నాచు పట్టి మిగిలే కొలను ఎవరికీ వద్దు. అందుకే శంకుస్థాపనకు ముందే ఐదేళ్ల కరెంటు, క్లోరిన్, జీతాల ఖర్చు విడిగా కేటాయించాలి. ఉదయం, సాయంత్రం పెద్దల దగ్గర రుసుము తీసుకుని, పగలంతా ప్రభుత్వ బడుల పిల్లలకు ఉచితంగా వదలాలి. ఇరవై మంది చొప్పున రోజుకు ఐదు జట్లు, నెలకో విడత అనుకుంటే, ఏడాదికి పది విడతల్లో వెయ్యి మంది నేర్చుకుంటారు. కాలువ రేవులో ఏనాడూ చోటు దక్కని ఆడపిల్లలకు ప్రత్యేక వేళలు, మహిళా శిక్షకులు ఉండాలి. శవాల కోసం మనం పిలిచే ఆ గజ ఈతగాళ్లకే శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి గట్టున నిలబెట్టండి.

పనుల జాబితా ఖరారైపోయాక అడిగి లాభం లేదు. పాఠకులు ఈ నెలలోనే తమ మున్సిపల్ కమిషనరుకు అర్జీ ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
గోదావరి డెల్టా నుంచి ఒక పాఠకుడు