ట్రాక్టర్లను లెక్కిస్తే చాలదు

సంపాదకులకు,

పాలకుర్తి మండల గ్రామాలపై ఇటీవల వెలువడిన వ్యాసం నర్సరీలను, డంపింగ్ యార్డులను, వైకుంఠధామాలను, అంటే శ్మశానవాటికలను, వరుసగా లెక్కపెట్టి అదే పంచాయతీ పనితీరుకు కొలమానమని తేల్చడం సగం సత్యమే. 2019లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమం కింద సమకూరిన ట్రాక్టరునే తీసుకుంటే, దాన్ని కొన్నంత మాత్రాన పని పూర్తికాదు. బ్యాంకు కిస్తీ, డీజిల్, డ్రైవరు జీతం పంచాయతీ ఖాతా నుంచే వెళ్లాలి కనుక, ఖాతా ఖాళీ అయిన నెలలో బండి షెడ్డులోనే ఉండి, ఇంటింటా వేరుచేసిన తడిచెత్త, పొడిచెత్త మళ్లీ ఒకే కుప్పలో కలిసిపోతాయి.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం గ్రామంలోని ఓటర్లందరితో కూడిన గ్రామసభ రెండు నెలలకొకసారైనా జరగాలి. పారిశుద్ధ్యం, వీధిదీపాలు, మొక్కల పెంపకం, పనులు-సంతల పర్యవేక్షణకు స్థాయీ సంఘాలు, అంటే గ్రామస్థులతో ఏర్పడే శాశ్వత కమిటీలు, ఉండాలి. వ్యాసం వీటి ఊసే ఎత్తలేదు. పాలకుర్తిలాగే ఉమ్మడి వరంగల్ జిల్లాకు చెందిన గంగదేవిపల్లి గ్రామం పేరు తెచ్చుకున్నది తాగునీరు మొదలుకొని ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసి, బాధ్యతను ఇళ్లకు పంచినందువల్లనే గాని, నిధుల వరదవల్ల కాదు.

2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చినప్పుడు జవాబు చెప్పవలసిన ఎన్నికైన మనిషే లేకపోయిన సంగతిని కూడా వ్యాసకర్త పరిగణించవలసింది. పంచాయతీ తీర్మానాల పుస్తకం చూపమని అడిగేవారు ఊళ్లలో ఎప్పుడూ తక్కువే. ఆ పుస్తకంలోని సంతకాలను, ఖర్చు పద్దులను వ్యాసకర్త అయినా పరిశీలించి ఉంటే బాగుండేది.

– ఒక పాఠకుడు, పాలకుర్తి