బట్వాడా డబ్బు ఎవరి చేతిలో?

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. మన షోలాపూర్ చాళ్లలో ఇప్పటికీ నవ్వుతూనే చెప్పుకుంటాం. అందులో కొట్టినదాని గురించి ఎవరూ అడగరు. అదేదో ఎండా వానా లాగ వచ్చిపోయేదన్నట్టు.

"తాగితేనే అట్ల, తాగకపోతే దేవుడు" అని సర్దిచెప్పేవాళ్లూ ఉన్నారు. మరి తాగినవాడు కార్ఖానా మాలక్ మీద చెయ్యి ఎత్తడేం? జాబర్ ఎన్ని తిట్టినా తల వంచుకుని వస్తాడు, ఇంటికొచ్చి పెండ్లాం మీద ఎత్తుతాడు. ఎవర్ని కొడితే చెల్లుతుందో తాగినా తెలుసన్నమాట. ఆమెకు పోయే చోటు లేదు, చేతిలో పైసా లేదు అన్న ధైర్యమే ఆ చెయ్యి ఎత్తిస్తుంది.

కానీ పైసా లేకపోవడమేంది? వంటా నీళ్లూ అయ్యాక చాట ఒళ్లో పెట్టుకుని పొద్దుగూకేదాకా బీడీలు చుట్టేది ఆమే గదా. కూలి ఆమె పేరు మీద పడుతుంది, ఏటీఎం కార్డు మాత్రం ఆయన జేబులో ఉంటుంది. అడిగితే తన్నులు.

అక్కలారా, ఇది ఇంటి గొడవ కాదు. 2005 గృహహింస చట్టం కొట్టడం, తిట్టడంతో పాటు డబ్బు విషయంలో పెట్టే బాధనూ హింస అనే అంటుంది. కూలి గుంజుకోవడం, ఇంటి ఖర్చుకు ఇవ్వకపోవడం, నగలు అమ్ముకోవడం, ఇంట్లోంచి గెంటడం అన్నీ అందులోకే వస్తాయి. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకుంది. మేజిస్ట్రేటుకు అర్జీ పెడితే మామూలుగా 3 రోజుల్లో మొదటి వాయిదా వెయ్యాలి. ఆడవాళ్లకు సంపాదనతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, కోర్టులోని న్యాయ సేవా కార్యాలయంలో అడగాలి. ఫోను చెయ్యాలంటే 181, ప్రాణం మీదికొస్తే 112.

ఆస్తికీ దెబ్బలకూ ఉన్న లెక్క కూడా ఒకటి ఉంది. కేరళలో తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ చేసిన పరిశోధన 2005లో అచ్చయింది. భూమీ ఇల్లూ రెండూ లేని పెళ్లైన ఆడవాళ్లలో నూటికి 49 మంది దెబ్బలు తిన్నామన్నారు. రెండూ తమ పేరు మీద ఉన్నవాళ్లలో 7 మందే. సొంత ఇల్లుంటే పోవడానికి ఒక చోటుంది, అది మొగుడికీ తెలుసు. మన కుంభారిలో బీడీ కార్మిక స్త్రీల కోసం గోదూతాయి పరుళేకర్ పేరిట పదివేల ఇళ్లు కట్టించుకోవడానికి ఎంత కొట్లాడారో పెద్దవాళ్లను అడగండి. ఆ కాగితాలున్న అక్కలు వాటిని ఎవరికీ రాసివ్వొద్దు.

కాబట్టి ఈ నెల బట్వాడాకు ముందే ఒక పని చెయ్యండి. పాసుబుక్కు, కార్డు, పీఎఫ్ కాగితాలు మీ దగ్గర పెట్టుకోండి. పిన్ నంబరు మార్చుకోండి. దానికీ తన్నులు పడతాయని భయమైతే ముందు 181కి చెప్పుకోండి, ఒక్కరే తలపడొద్దు.

అన్నలకూ ఒక మాట. మన చాళ్లలో గోడ ఒకటే, పక్కింట్లో దెబ్బ పడితే మనకు వినబడుతుంది. చట్టం ప్రకారం రక్షణ అధికారికి ఎవరైనా కబురు చెప్పొచ్చు. మంచి మనసుతో చెప్పినవాడి మీద కేసు ఉండదు. వినబడనట్టు టీవీ సౌండు పెంచొద్దు. వెళ్లి తలుపు కొట్టండి.