తాబేళ్ల కాలం వేరు, వేట నిషేధ కాలం వేరు

మాఘమాసపు వేకువలో మైపాడు తీరాన నడిచేవారికి ఈ దృశ్యం కొత్త కాదు. అలల అంచున పెద్ద తాబేలొకటి చచ్చి పడి ఉంటుంది. డిప్ప మీద గాయం కానరాదు. మెడ, కనుగుడ్లు ఉబ్బి ఉంటాయి. చూసినవారు అయ్యో అనుకొని, చేతులు జోడించి వెళ్లిపోతారు.

క్షీరసాగర మథనం పాఠం చెప్పే రోజుల్లో, సముద్రపు ఒడ్డు పల్లె నుండి వచ్చే పిల్లవాడొకడు నన్నడిగాడు: "అయ్యవారూ, కొండను మోసిన సామి వలలో పడితే ఎందుకు చచ్చిపోతాడు?" ఆనాడు నాకు సమాధానం తోచలేదు. అది పురాణంలో దొరికేది కాదని తరువాత గ్రహించాను.

ఆలివ్ రిడ్లీ అనే ఈ తాబేలుకు చేపకున్నట్లు మొప్పలు లేవు. ఊపిరి కోసం నీటిపైకి రావలసిందే. సముద్రపు అడుగున గంటల తరబడి ఈడ్చే ట్రాల్ వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతుంది. పులికాటు మొదలు పెన్న సాగర సంగమం దాటి ఉత్తరానికి సాగే మన ఇసుక తీరం వీటికి పుట్టినిల్లు. ముఖ్యంగా జనవరి నుండి మార్చి వరకు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు చేరువగా వస్తాయి. ఒక్కొక్క తల్లి ఇసుకలో గొయ్యి తీసి సుమారు వంద గుడ్లు పెట్టి, కప్పి వెళ్లిపోతుంది. 45 నుండి 60 రోజులకు పిల్లలు వెలువడతాయి. వాటిలో పెరిగి పెద్దవయ్యేవి బహు స్వల్పం. కనుకనే ఒక తల్లి చావు తేలికగా తీసుకోదగిన నష్టం కాదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేలును పులితో సమానంగా మొదటి షెడ్యూలులో నిలిపింది. కాని తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు. అది చేపల సంతానవృద్ధికై ఏర్పరచిన గడువు. సముద్రం మూసే నాటికి తాబేళ్ల రాక ముగింపుకు వస్తుంది. 2025 జనవరిలో చెన్నై పరిసర తీరాలకు వందలాది కళేబరాలు కొట్టుకువచ్చినప్పుడైనా మనం కళ్లు తెరవవలసింది.

నిషేధాన్ని మరో మూడు నెలలు పొడిగించమని నేననను. అది పేద బెస్తల నోటి కూడు తీయడమవుతుంది. తీరానికి దగ్గరి నీళ్లు చిన్న పడవలవారికే చెందాలన్న నియమం ఇదివరకే ఉన్నది. ఆ మూడు నెలలైనా దానిని కచ్చితంగా అమలు చేస్తే చిన్న పడవకూ, తాబేలుకూ కూడా మేలు. ట్రాల్ వల మెడలో ఏటవాలు ఊచల చట్రం అమర్చితే రొయ్య ఊచల సందుల్లోంచి వెనక సంచిలోకి పోతుంది, తాబేలు పక్కనున్న ద్వారం గుండా బయటపడుతుంది. కొంత చేప కూడా జారిపోతుందని పడవల యజమానులు అంటారు. అది నిజమే. అందుకే చట్రం ఖర్చును ప్రభుత్వం భరించాలి. ఈ చట్రం లేదన్న కారణంతోనే మన సముద్రపు రొయ్యను అమెరికా 2019 నుండి కొనడం మానివేసింది. ఆ నష్టంతో పోలిస్తే జారిపోయే చేప ఎంత?

ఆ పిల్లవాడు నేడు ఏ పడవ మీద ఉన్నాడో తెలియదు. అతనికి నేను ఇవ్వవలసిన సమాధానం ఇదే: నాయనా, సామి చావడం లేదు, మనమే ఊపిరి తీసుకోనివ్వడం లేదు.